గుమ్మడికాయకు వినపడని తూటా

మెర్ల్ స్టౌఫర్‌కు చెముడు. నలభై ఏళ్లు చెవులకు ఏ అడ్డూ పెట్టుకోకుండా తుపాకులు కాల్చిన పుణ్యం అది. అలాంటి మనిషి, అన్నిటికంటే తక్కువ చప్పుడు చేసే తూటా కోసం దుకాణానికి బయల్దేరాడు.

కారణం అతని భార్య ఆర్డిత్ పెరట్లో పెంచుతున్న గుమ్మడికాయ. అప్పటికే ఎనిమిదొందల పౌన్లు దాటింది. తొమ్మిది రోజుల్లో కౌంటీలో గుమ్మడికాయల తూకం పోటీ. పన్నెండేళ్లుగా పోటీపడుతున్నా మొదటి బహుమతిగా ఇచ్చే నీలం రిబ్బను మొహం చూడని ఆర్డిత్‌కు ఈసారి అది ఖాయమని ఊరంతా అంటోంది. మూడేళ్ల కిందట పక్కింటి పెళ్లిలో బాణసంచా కాల్చిన మర్నాడు ఆమె కాయ నిలువునా చీలింది. చప్పుడుకే చీలిందని ఆమె నమ్మకం. అప్పట్నుంచి పెరటివైపు తలుపు విసురుగా వేసినా ఊరుకోదు.

ఇంతలో ఓ గ్రౌండ్‌హాగ్ తయారైంది. బలిసిన పందికొక్కులా ఉండే ఆ జంతువు కొట్టం కింద బొరియ చేసుకుని, గుమ్మడితీగను రోజూ కొరుకుతోంది. బోను పెడితే అందులోని యాపిల్ ముక్క తిని చక్కా పోయింది.

దుకాణంలో తూటాలమ్మే వెర్న్ విడమరిచి చెప్పాడు. తూటా శబ్దం కంటే వేగంగా పోతే గాల్లో ఛెళ్లుమంటుంది, నెమ్మదిగా పోయేది ఛెళ్లుమనదు, దగ్గరి గురికి అది చాలు. మెర్ల్ దగ్గరున్న ట్వంటీటూ రైఫిల్‌కు సరిపోయే నెమ్మది తూటాలు మూడు రకాలు బల్లమీద పెట్టాడు.

"నీ తుపాకీ గురి వేగం తూటాలకు సరిచేసి ఉంది. ఇవి కాస్త కిందికి తగుల్తాయి. ముందు కాగితం మీద కాల్చి గురి సరిచూసుకో," అని గట్టిగానే చెప్పాడు.

"తాతకు దగ్గులు నేర్పకు," అని మెర్ల్ మూడు పెట్టెలూ కొనుక్కొచ్చాడు.

అతని చెవికి మూడూ ఒక్కటే. అందుకని ఆర్డిత్‌ను తీర్పరిగా పెట్టాడు. ఆమె గుమ్మడికాయకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. మెర్ల్ కొట్టం వెనక మట్టిగట్టులోకి కాల్చాడు. మొదటిదానికి ఆమె మొహం చిట్లించింది. రెండోదానికి, ఎవరో పుస్తకం మూసినట్టుందంది. మూడోసారి చాలాసేపు ఎదురుచూసి కళ్లు తెరిచింది.

"కాలుస్తావా లేదా?"

అప్పటికే ఆ మూడో రకంలో నాలుగు కాల్చాడు. మెర్ల్ పెళ్లినాటి మొహంతో నవ్వాడు. గట్టులో ఏ తూటా ఎక్కడ తగిలిందో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం గ్రౌండ్‌హాగ్ కాయ వెనక మట్టిదిబ్బ ఎక్కి తల బయటపెట్టింది. మెర్ల్ ఆ తలకే గురిపెట్టి కాల్చాడు. అది అటూ ఇటూ చూసి తీగ కొరకడం మొదలుపెట్టింది. తలకు రెండంగుళాల కింద, గుమ్మడికాయకు చిన్న కన్నం పడింది.

ఆర్డిత్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకా కాల్చలేదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో మెర్ల్ మొహంలో చూడాలి. ఆమె అతని చూపు వెంటే కాయ దగ్గరికి నడిచింది. జుట్టులో దోపుకున్న అల్లికసూదిని కన్నంలోకి దూర్చింది. అది చివరిదాకా దిగిపోయింది. లోపలి గుల్లదాకా కన్నం పడిన కాయను పోటీలో తూచరు. ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

"వెర్న్ చెప్పాడు," అన్నాడు మెర్ల్. అతనికి ఏడుపొచ్చింది. "గురి సరిచూసుకోమన్నాడు. నేనే లెక్కచేయలేదు."

ఆర్డిత్ లేచి నిలబడింది. తీగను తీరిగ్గా నములుతున్న గ్రౌండ్‌హాగ్ వైపు తిరిగింది.

"పాత తూటాలు ఇంట్లో ఉన్నాయా? చప్పుడు చేసేవి?"

"ఉన్నాయి."

"తీసుకురా. తుపాకీ నాకియ్యి."

ఆ సాయంత్రం పేలిన చప్పుడు మెర్ల్‌కు కూడా వినపడింది.