అవ్వ ఇచ్చేసిన మాటలు

ఉదయగిరిలో బడి వదలగానే లిదియమ్మ టీచరు కొంగు నడుముకు దోపి, కొండ కిందున్న ఎరుకల గుడిసెలకు నడిచేది. అక్కడ పిల్లకాయల్ని కూర్చోబెట్టి వాళ్ల కుర్రు బాస నేర్పించేది. ఇళ్లల్లో అందరూ తెలుగే మాట్లాడుతుండారు. ఆ బాస నిండుగా మిగిలింది పోలమ్మవ్వ నోట్లోనే, అందుకని మాటలు చెప్పేది ఆమే.

పోలమ్మ లిదియమ్మకు అమ్మ తల్లే. కూతురు అంకమ్మ, ఆత్మకూరు మిషన్ బడి పాల్ అయ్యవారిని చేసుకుని వెళ్లిపోయింది. బిడ్డను కని ఏడాది తిరక్కుండానే పోయింది. ఆ బిడ్డ చర్చివాళ్లకు ఎరుకలది, ఎరుకలవాళ్లకు కిరస్తానీది. అవ్వ కూడా ఆమెను "టీచరమ్మా" అనే పిలిచేది. వాకిట్లో చాప వేసేదేగాని లోపలికి రమ్మనేది కాదు.

అవ్వ ఒక మాట నేర్పిందంటే, ఆ మాట దేన్ని చెబుతుందో అది ఆమెకు లేకుండా పోయేది. ఉప్పు నేర్పినాక నోటికి ఉప్పు తెలియలేదు. చలి నేర్పినాక దుప్పటి అడగలేదు. వానలో తడుస్తూ బుట్ట అల్లుతుంటే కొడుకు ఓబులయ్య, "వాన కూడా ఇచ్చేసినావామ్మా," అంటూ లోపలికి నడిపించుకుపోయేవాడు.

"ఇంక చాలవ్వా. నీకేమీ మిగలదు," అనింది లిదియమ్మ.

"నాతో మట్టిలోకి పోతే ఎవరికి లాభం? పిల్లకాయల నోట్లో ఉండనీ."

తొంభైనాలుగు ఎండాకాలంలో ఒక పిల్ల అడిగింది. "అవ్వా, కూతురి కూతుర్ని ఏమంటారు?"

"ఆ మాట వద్దులే," అనింది లిదియమ్మ గాబరాగా.

"వద్దమ్మా," అన్నాడు ఓబులయ్య.

అవ్వ చాలాసేపు లిదియమ్మ మొహంలోకి చూసింది. చెయ్యి చాచి చెంప నిమిరింది. ఆ మాటతోనే ఆమెను పిలిచింది. పిల్లలందరూ ఒక్కసారిగా ఆ మాట పలికినారు. లిదియమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరమ్మా నువ్వు? ఎందుకేడుస్తుండావు?"

"ఊరికే అవ్వా."

"ఎండలో కూర్చోబెట్టినారేంది నిన్ను? ఒరే ఓబులూ, ఈ బిడ్డను లోపలికి పిలువు. తినిందో లేదో!"

లిదియమ్మ తల వంచి మొదటిసారి ఆ గుడిసెలోకి అడుగు పెట్టింది. అద్దెగది వదిలేసి అక్కడే ఉండిపోయింది. అవ్వ పోయేదాకా తెల్లారితే అదే ప్రశ్న.

"ఎవరి బిడ్డవమ్మా?"

"అంకమ్మ బిడ్డను," అని కుర్రులో చెప్పేది లిదియమ్మ.

"మా కూతురిదీ అదే పేరు. పాపం, దానికి బిడ్డల్లేరు," అంటూ అవ్వ సంగటి ముద్ద చేసి ఆమె చేతిలో పెట్టేది.