పాదచారులకు అంతరాయం లేదు

ఉషిగహమ రేవు నుంచి పట్నానికి ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ రోడ్డు మీద ఉన్నది ఒక్కటే సొరంగం. మరమ్మతుల కోసం దాన్ని పన్నెండు రాత్రులు మూసేస్తున్నారని హతనాక ఫుకుయోకు తెలిసేసరికి ఆరు రోజులే మిగిలాయి. అదీ కాగితం చదివి తెలుసుకోలేదు. అకుత్సు అనే మేస్త్రీ తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు గనుక తెలిసింది.

పని మొదలుపెట్టే ముందు ఇంటింటికీ వెళ్లి, తువ్వాలు ఇచ్చి, నడుం వంచి క్షమాపణ చెప్పుకోవడం అక్కడి కాంట్రాక్టర్ల మర్యాద. ప్రతి మార్చిలోనూ జరిగే మర్యాదే. నిరుడు మార్చిలో అదే సొరంగంలో తారు తవ్వి తారు వేశారు. ముందటేడూ అంతే. ఏప్రిల్ ఒకటో తేదీకి ప్రభుత్వానికి కొత్త సంవత్సరం. ఈలోగా ఖర్చు చేయని డబ్బు పై ఏడాది కోతపడుతుంది. కాబట్టి ఆ జిల్లాలో రోడ్లు మార్చిలోనే పాడవుతాయి.

"ఏ వేళల్లో మూస్తారు?" అంది ఫుకుయో, తువ్వాలు అందుకోకుండా.

"పదో తేదీ నుంచి అక్కా. రాత్రి తొమ్మిది మొదలు పొద్దున్న ఆరు దాకా."

"పొద్దున్న ఆరా! మరి మా వంజరం చేపలు మార్కెట్టుకు ఎట్లా పోవాలి? రెక్కలు కట్టుకుని ఎగరాలా?"

అకుత్సు తువ్వాలు వంకే చూశాడు. "కబుర్ల అట్ట తిరిగింది గదక్కా. మీ వాడంతా ముద్రలు వేశారు. మీది కూడా ఉంది."

ఫుకుయోకు యాభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా రేవు సంఘం లారీ నడుపుతోంది. పడవలు రాత్రి ఒంటిగంటకు వెళ్లి, కట్టిన వలలు ఎత్తుకుని మూడింటికి తిరిగొస్తాయి. మూడున్నరకు లారీ కదులుతుంది. పట్నం మార్కెట్టులో అయిదున్నరకు వేలం. వేలంలో ఒక్కో రేవుకు ఒక్కో వరస నంబరు. ఉషిగహమది ఏడు. వంజరం పట్టు మొదలయ్యే మార్చి పది నుంచి, పిలిచినప్పుడు వరసగా మూడు రోజులు పలక్కపోతే ఆ నంబరు ఇంకో రేవుకు పోతుంది. పోయినవాళ్లు ఆ సీజనంతా చివర్లో అమ్ముకోవాలి. అప్పటికి కొనేవాళ్లు టిఫినుకు పోయి ఉంటారు. ఆ ఏడో నంబరు మీద తొమ్మిది పడవలు బతుకుతున్నాయి.

అకుత్సు వెళ్లాక ఫుకుయో పక్కింటి మిత్సుయే దగ్గరికి పోయింది. మిత్సుయేకు ఎనభై ఒకటి.

"అత్తా, నువ్వు ఆ అట్ట చదివావా?"

"నేనెందుకు చదువుతానే? నువ్వు చదివావనుకుని ముద్ర కొట్టాను."

"నేను నువ్వు చదివావనుకున్నాను."

"సరిపోయింది. గుడ్డిదాని చెయ్యి పట్టుకుని గుడ్డిది ఏట్లో దిగినట్టు."

ఊరి కబుర్లన్నీ ఒక అట్టకు క్లిప్పు పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. చూసినవాళ్లు తమ పేరు పక్కన ముద్ర వేసి పక్కింట్లో ఇవ్వాలి. తన దగ్గర ఆలస్యమైందని పక్కింటివాళ్లు అనుకోవడం కన్నా అవమానం ఆ ఊళ్లో లేదు. అందుకని గుమ్మంలో నిలబడే ముద్ర వేసి, చెప్పులు విప్పకుండానే పక్కింటికి పట్టుకుపోతారు. ఆ విడత అట్ట మీద నాలుగు కాగితాలున్నాయి: చెత్త వేరుచేసే పట్టిక, దంతవైద్యుడి సెలవులు, బడి పిల్లల పాటల పోటీ, రోడ్డు. పందొమ్మిది ఇళ్లను ఒకటిన్నర రోజులో చుట్టొచ్చింది. అంత త్వరగా తిరగడం ఎన్నడూ లేదని వాడ పెద్ద మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు ఫుకుయో రోడ్ల శాఖ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లింది. సహాయ విభాగాధికారి కువాబారా ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, పందొమ్మిది ముద్రల కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ ముద్రేనా, హతనాక గారూ?"

"నాదే. చూశామని వేశాం. సరేనని కాదు."

"చూసి అభ్యంతరం చెప్పలేదు గదండీ. పోయిన నెల వివరణ సభ కూడా పెట్టాం. ప్రశ్నలున్నాయా అని మూడుసార్లు అడిగాం. ఎవరూ అడగలేదు."

"ఆ సభ మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. అర్ధరాత్రి లేచి పడవెక్కినవాడు రెండింటికి నిద్రపోతాడండీ. ఇంతకీ ఎంతమంది వచ్చారు?"

కువాబారా కాగితం తిప్పాడు. "పదకొండు మంది."

"ఎవరెవరు?"

"మా కార్యాలయం నుంచి ఆరుగురు. కాంట్రాక్టరు తరఫున నలుగురు. మీ వాడ పెద్ద."

"ఆయన మెలకువగానే ఉన్నాడా?"

కువాబారా ఆ ప్రశ్నను రాసుకోలేదు.

"పోనీ పగలు చేసుకోండి" అంది ఫుకుయో.

"పగలు రద్దీ ఉంటుందండీ."

"పగలు ఆ దారిన పోయేది పోస్టు బండి ఒక్కటే. ఆ డ్రైవరుకు రద్దీ అంటే ఏంటో మీరే చెప్పాలి. సరే, మూడున్నర నుంచి ఒక్క గంట వదలండి. ఒక్క లారీ."

"వేళలు ఖరారయ్యాయి. మార్చాలంటే పోలీసుల అనుమతి మళ్లీ తీసుకోవాలి. మూడు వారాలు పడుతుంది."

"పని పన్నెండు రోజులు, అనుమతి మూడు వారాలు. పెళ్లయ్యాక ముహూర్తం పెట్టుకున్నట్టుంది."

"మీ ఇబ్బంది మాకు అర్థమైందండీ" అని కువాబారా తల వంచాడు. అతను రోజుకు ఎన్నిసార్లు అలా తల వంచుతాడో ఫుకుయోకు తెలియదు గానీ, మెడ బాగా అలవాటుపడి ఉంది.

చేసేదేమీ లేక ఆమె ఆ కాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారిగా, అట్ట మీద వచ్చిన కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. 'పాదచారులకు అంతరాయం లేదు. సిబ్బంది తోడుండి దాటిస్తారు.'

"నడిచేవాళ్లను వదులుతారా?"

కువాబారా మొహం వికసించింది. ఆ వాక్యం అతనే చేర్చింది. "ఇరవై నాలుగు గంటలూ! అటొకరు ఇటొకరు కాపలాదారులు ఉంటారు. పాదచారులు లోపల ఉన్నంతసేపూ యంత్రాలు కూడా ఆపేస్తాం. ఆ విషయంలో మా శాఖ చాలా కచ్చితంగా ఉంటుంది."

"మా ఊరి ముసలాళ్లు నడక బండ్లు తోసుకుంటూ నడుస్తారు. వాళ్లు?"

"నడక బండి వాహనం కాదండీ. తోసేవాళ్లు పాదచారులే."

"బండిలో సామాను ఉంటే?"

"అందుకే గదండీ దానికి బుట్ట ఉండేది!"

"ఈ ముక్క రాసి ఇస్తారా?"

అతను సంతోషంగా రాసి ఇచ్చాడు. కింద శాఖ ముద్ర కూడా వేశాడు.

ఉషిగహమలో నడక బండ్లు ముప్పై ఒకటి లెక్కతేలాయి. ఆ సాయంత్రం సంఘం షెడ్డులో ఫుకుయో సంగతి చెప్పింది.

"మూడింటికి లేవాలా?" అంది ఒకామె.

"నీకు రెండింటికే మెలకువ వస్తుందని నీ కోడలు ఊరంతా చెబుతోంది" అంది మిత్సుయే. "పక్క మీద పొర్లి ఏం సాధించావు? పెట్టె ఎంత బరువుంటుందే, ఫుకుయో?"

"పది కిలోలు అత్తా. బండి మీద పెడితే మోసేది చక్రాలే."

"అయితే నా మొగుడి కన్నా తేలికే. నలభై ఏళ్లు తోశాను వాణ్ణి."

పదో తేదీ రాత్రి ఎనిమిదింటికి ఫుకుయో లారీని సొరంగం దాటించి అవతలి వైపు నిలిపి, నడిచి వెనక్కి వచ్చింది. తొమ్మిదింటికి అడ్డుగడలు దిగాయి. తెల్లవారుజామున మూడుంబావుకు రేవు నుంచి చిన్న బండ్లు నలభై తొమ్మిది పెట్టెలను అడ్డుగడ దాకా తెచ్చి దింపాయి. అక్కడ ఎర్రలైటు కర్ర పట్టుకుని నిలబడ్డ కాపలాదారు త్సునేయో ఆ ఊరివాడే. పోస్టాఫీసులో రిటైరయ్యాడు.

"బాబాయ్, ఈ పెట్టెల్లో నీ కొడుకు పట్టిన చేప కూడా ఉంది" అంది ఫుకుయో.

"తెలుసమ్మా. అయినా బండిని వదలను. నా కొడుకే బండి తెచ్చినా వదలను."

"బండి ఎవరడిగారు? మేం పాదచారులం."

త్సునేయో శాఖ ముద్ర ఉన్న కాగితాన్ని టార్చి వెలుగులో రెండుసార్లు చదివాడు. తర్వాత ముప్పై ఒక్క మంది ముసలమ్మలనూ, పెట్టెలు భుజానికెత్తుకున్న పద్దెనిమిది మంది పడవవాళ్లనూ చూశాడు. టోపీ సరిచేసుకుని, నడుం వంచి, "అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి నా వెనక రండి" అన్నాడు. పోస్టాఫీసులోనూ అతనింతే. సొంత పెళ్లానికి స్టాంపు అమ్మినా చీటీ అడిగేవాడు.

మూసిన దారి ఆరువందల నలభై మీటర్లు. దాటడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. లోపల పనేమీ జరగడం లేదు. అవతలి అంచున అకుత్సు, అతని పద్నాలుగు మంది పనివాళ్లు వ్యానులో కూర్చుని డబ్బా కాఫీ తాగుతున్నారు.

"పని లేదా?" అంది ఫుకుయో, లారీ తలుపు తెరుస్తూ.

"చలి ఎక్కువగా ఉందక్కా. తారు పట్టదు."

"మరి మూసిందెందుకు?"

"మూయాలని రాసుందక్కా."

మార్కెట్టులో ఏడో నంబరు పిలిచినప్పుడు ఫుకుయో పలికింది. రెండో రోజూ పలికింది. ఆ రాత్రి కూడా చలే. ఆ రాత్రి కూడా కాఫీయే.

మూడో రాత్రి గాలి మారింది. తారు లారీలు వచ్చాయి, యంత్రం కదిలింది. మూడుంబావుకు పాదచారులు వచ్చారు. యంత్రం ఆగింది. పనివాళ్లు గోడ వారగా వరసలో నిలబడ్డారు. అప్పుడు మిత్సుయే మొదటి పనివాడి ముందు బండి ఆపి, బ్రేకు వేసి, "రాత్రిపూట ఎంత కష్టపడుతున్నారు నాయనా" అని వంగింది. అతను హెల్మెట్టు తీసి వంగాడు. ఆమె రెండోవాడి దగ్గరికి వెళ్లింది. ఆమె వెనకావిడ మొదటివాడి దగ్గర ఆగింది. పనిచేసేవాణ్ణి పలకరించకుండా పోవడం అక్కడ మర్యాద కాదు. పెద్దామె వంగితే అంతకన్నా కిందికి వంగకపోవడం అసలే కాదు. ముప్పై ఒక్క మంది, పద్నాలుగు మందితో, ఒక్కొక్కరుగా. మేస్త్రీ అకుత్సు పదిహేనోవాడు. అతను ఒక పక్క వంగుతూ మరో పక్క గడియారం చూసుకున్నాడు. రెండు లారీల తారు చల్లారి గట్టిపడింది.

ముసలమ్మలు ఆ పని బుద్ధిపూర్వకంగా చేశారా అని ఫుకుయో తర్వాత అడిగితే, మిత్సుయే నొచ్చుకుంది. "మంచికి పోయినా తప్పేనా?"

"మీ మంచికి గంటా పది నిమిషాలు పట్టింది అత్తా. నేను పోయేసరికి ఏడో నంబరు పిలవడం అయిపోయింది. ఇంకో రెండు రోజులు ఇట్లాగే జరిగితే మన నంబరు పోతుంది."

ఆ రోజు వంజరాలు చివర్లో అమ్ముడయ్యాయి. పిల్లుల కోసం కొనేవాడు కూడా బేరమాడాడు.

పలకరింపులు మానమంటే ముసలమ్మలు మానరు. యంత్రం నడుస్తుంటే లోపలికి రానివ్వరు. ఫుకుయో సంఘం షెడ్డులో లెక్కలు వేసుకుంటూ కూర్చుని ఉండగా మధ్యాహ్నం కువాబారా వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా ఉంది.

"హతనాక గారూ, పాదచారుల సంఖ్య మా అంచనాను మించిందండీ."

"మీ అంచనా ఎంత?"

"రాత్రికి సున్నా."

"అందుకేనా అంత ధైర్యంగా రాశారు, అంతరాయం లేదని?"

కువాబారా డబ్బాను అర అడుగు ముందుకు జరిపాడు. "నెలాఖరులోగా పని పూర్తి కాకపోతే మా శాఖకు చాలా ఇబ్బంది. పాదచారులు కొంచెం... వేరే వేళల్లో..."

ఆ పొద్దున నంబరు తప్పిన సంగతి ఇతనికి తెలియదని ఫుకుయోకు అర్థమైంది. తెలిస్తే ఇంకో రెండు రోజులు ఓపిక పట్టేవాడు. ఆమె మిఠాయి ఒకటి తీసుకుని తీరిగ్గా తింది.

"మా ముసలాళ్లకు ఆ నడక బాగా పడిందండీ. మిత్సుయే అత్త మోకాలి నొప్పి తగ్గిందట. పక్క వాడ వాళ్లు కూడా వస్తామంటున్నారు."

"పక్క వాడా?"

"వాళ్లకు ఇరవై బండ్లున్నాయి. మాకన్నా మర్యాదస్థులు."

కువాబారా రుమాలు తీశాడు. "మూడున్నర నుంచి గంటసేపు ఒక వాహనాన్ని వదిలితే... ఒక లారీ..."

"పోలీసుల అనుమతికి మూడు వారాలు పడుతుందన్నారు?"

"ఈ పొద్దున్నే వచ్చిందండీ."

"అడిగిందెప్పుడు?"

"ఈ పొద్దున్నే."

ఫుకుయో ముసలాళ్లను ఒప్పించడం కష్టమనీ, తన వంతు ప్రయత్నం చేస్తాననీ చెప్పింది. కువాబారా ఆమెకు నుదురు బల్లకు తగిలేలా వంగి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

ఆ రాత్రి మూడున్నరకు లారీ అడ్డుగడ దగ్గరికి వచ్చింది. త్సునేయో కొత్త కాగితం రెండుసార్లు చదివి గడ ఎత్తాడు. చలి మళ్లీ తిరిగొచ్చింది. సొరంగంలో యంత్రం లేదు, మనిషి లేడు. దాటడానికి యాభై సెకన్లు పట్టింది. అవతల వ్యానులోంచి అకుత్సు చెయ్యి ఊపాడు. అయిదున్నరకు ఏడో నంబరు పిలిచారు. ఫుకుయో అవసరమైనదానికన్నా గట్టిగా పలికింది. వేలంవాడు చెవి రుద్దుకున్నాడు. మిగిలిన ఎనిమిది రాత్రులూ అట్లాగే గడిచాయి. వాటిలో తారు వేసింది నాలుగు రాత్రులు.

ఏప్రిల్లో శాఖ నివేదిక వచ్చింది. ఈసారి పందొమ్మిది ఇళ్లలోనూ చదివారు. ఫిర్యాదులు: లేవు. క్షేమంగా దాటించిన పాదచారులు: నూట యాభై. రాత్రివేళ పాదచారుల రద్దీ దృష్ట్యా, వచ్చే మార్చిలో సొరంగం లోపల కాలిబాట వెడల్పు చేయాలని ప్రతిపాదించడమైనది. పని వేళలు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు.

ఫుకుయో ఆ సాయంత్రమే శాఖకు అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాయడానికి కూర్చుంది. మిత్సుయే నడక బండికి కొత్త చక్రాలు వేయించుకుంది.