పంపు ఉన్నట్టు భావించవలెను

గున్నయ్య ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. నలభై నాలుగేళ్ల బతుకులో ఆ ఎత్తు అతనికి రెండు పనులకే పనికొచ్చింది. ఒకటి అటక మీది మూటలు దించడం, రెండోది గుమ్మానికి తల కొట్టుకోవడం. అలాంటిది 1973 మాఘమాసంలో ఒకనాడు పంచాయతీ గుమస్తా జగ్గారావు టేపు పట్టుకుని వచ్చి, అతన్ని గోడకి నిలబెట్టి కొలిచి, "మావా, ఇయ్యాల్టినుంచి నువ్వే కేప్టెన్‌వి" అన్నాడు.

దేనికి కేప్టెనో తెలియాలంటే ముందు ఆ ఊరి మంటల సంగతి చెప్పాలి.

ఒరిస్సాలోని గుణుపురానికి ఆరు మైళ్ల దూరాన, వంశధార ఒడ్డున ఉంటుంది నడిమివలస. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సాగులోకి దిగిన రైతుల ఊరు. నలభై గడప, నలభయ్యీ గడ్డిళ్లే. ఫాల్గుణం వచ్చిందంటే పడమటిగాలి మొదలవుతుంది. మధ్యాహ్నం పూట ఏదో ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి చూరెక్కుతుంది. మగాళ్లు ఆ వేళకి ఏటి అవతల పొలాల్లో ఉంటారు. అందుకని వంట చెయ్యడం, ధాన్యం చెరగడం లాగే మంటలార్పడం కూడా ఆడవాళ్ల పనయిపోయింది. ప్రతి ఇంటి ముందూ గేదెల కోసం కుడితి గోలెం ఉంటుంది. బియ్యం కడుగు, గంజి, తవుడు అన్నీ అందులోకే. ఎండాకాలమంతా గేదె గోలెంలో సగానికి మించి తాగకూడదని ఊరి కట్టుబాటు. మిగతా సగం మంటలది. కుడితి చిక్కగా ఉండి గడ్డిని పట్టుకుంటుంది కాబట్టి నీళ్లకంటే అదే మేలని వాళ్ల నమ్మకం.

వీటన్నిటికీ పెద్దదిక్కు గున్నయ్య భార్య రాజులమ్మ. ఆమె మంటా మంటా అని అరవదు, ఇల్లు ఎవరిదో చెబుతుంది. "ఎర్రయ్యోలిల్లు" అంటే చాలు, ఎవరు ఏ గోలెం దగ్గరికి పరిగెత్తాలో, ఎవరు అంటుకున్న చూరు కిందికి లాగాలో అందరికీ తెలుసు. రాజులమ్మ మాత్రం సంకన కుండతో సూటిగా ఇంట్లోకే పోతుంది. పోయినేడు కుంతి ఇల్లు అంటుకున్నప్పుడు అలాగే పోయి, ఉయ్యాల్లో ఉన్న పసిపిల్లని బయటికి తెచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. నెల్లాళ్లు గున్నయ్యే అన్నం కలిపి తినిపించాడు. ముద్ద ముద్దకీ అతనికి ఒకటే భయం, ఇంకోసారి లోపలికి పోతే ఈ మనిషి తిరిగి రాదని. పైకి అంటే నవ్వుతుందని అనలేదు.

అందుకే, ఊళ్లలోని మంటలార్పే దళాలకి సర్కారు చేతిపంపులు ఇస్తోందని జగ్గారావు చెప్పినప్పుడు గున్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. రెండు చక్రాల బండి మీద పంపు, దానికి నలభై గజాల గొట్టం. దూరంగా నిలబడి ఆర్పొచ్చు. ఎవరూ లోపలికి పోనక్కర్లేదు.

"అయితే రాజులమ్మ పేరు రాసీ" అన్నాడు.

జగ్గారావు సర్క్యులర్ చదివి వినిపించాడు. దళమనగా పద్దెనిమిది మొదలు నలభై అయిదేళ్ల లోపు, అయిదడుగుల నాలుగంగుళాలకు తగ్గని పన్నెండుమంది పురుషులు. వారు కేప్టెన్ ఆజ్ఞపై వరుసగా నిలిచి, అధీకృత పరికరంతో మంటను ఆర్పవలెను. అట్టి దళానికి మాత్రమే పంపు ఇవ్వబడును.

"మరి ఆడోలు?"

జగ్గారావు కాగితం తిరగేశాడు. "ఆడోలు పెజల్లోకొస్తారు మావా. పెజలంటే మంట దగ్గిరికి రానీకూడనోలు. అలగే రాసుంది."

రాజులమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. "ఎవులు పెజలో మంటకి తెలుస్తాదేటి?" అంది, చేట ఆపకుండానే.

ఊరంతా కొలిస్తే పదకొండుమంది తేలారు. పన్నెండోవాడు ఎర్రయ్య అంగుళం తక్కువ. తలపాగాతో కలిపి కొలిచి ఎక్కించారు. వాళ్లలో ఒక్కడు కూడా బతుకులో మంట ఆర్పిన పాపాన పోలేదు. బీడీ కూడా తొక్కి ఆర్పడం చేతకాక పక్కవాడికిచ్చే రకాలు.

ఫాల్గుణంలో ఆఫీసరు తనిఖీకి జీపులో వచ్చాడు. పర్లాకిమిడిలో చదువుకున్న ఒరియా ఆయన, మంచి తెలుగు మాట్లాడతాడు. కళ్లంలో గడ్డితో చిన్న పాక కట్టించి, దానికి నిప్పు పెట్టాలన్నాడు. యాభై గజాల దూరాన సున్నంతో గీత గీయించి, ప్రజలు గీత దాటరాదని చెప్పాడు. ఆడవాళ్లందరూ సంకన కుండలతోనే గీత వెనక నిలబడ్డారు. అప్పుడాయన దళం వైపు తిరిగాడు.

"మీ పరికరం ఎక్కడ?"

"తమరిస్తే వస్తాది బాబూ" అన్నాడు గున్నయ్య.

"మంట ఆర్పి చూపిస్తేనే పరికరం ఇస్తాం. పరికరంతో ఆర్పితేనే ఆర్పినట్టు."

అలాగని ఆఫీసరేమీ కంగారు పడలేదు. ఏడు ఊళ్లలో ఇదే చిక్కు వచ్చిందని పైకి రాస్తే, పైనుంచి జవాబు వచ్చిందట. జేబులోంచి తీసి చదివాడు. "పరికరము లేనిచోట పంపు ఉన్నట్టు భావించవలెను."

ఎడ్లబండి మోకుతాడు తెచ్చి గొట్టమన్నారు. పదిమంది దాన్ని పట్టుకుని వరుసలో నిలబడ్డారు, అందరికంటే ముందు గున్నయ్య. మిగిలిన ఇద్దరూ వెనకాల లేని పంపుని కిందికీ పైకీ కొట్టసాగారు. పాక భగ్గుమంది. గున్నయ్య మోకు కొస మంట వైపు పెట్టాడు.

"గొట్టం మెలిక పడింది, నీళ్లెలా వస్తాయి?" అని ఆఫీసరు కోప్పడ్డాడు. మెలిక తీశారు. ఎర్రయ్య మొహం మీద నీళ్లు చిందినట్టు తుడుచుకున్నాడు కూడా. ఆఫీసరు మెచ్చుకుని కాగితం మీద టిక్కు పెట్టాడు. పాక మాత్రం తన పని తాను చేసుకుంటూ కాలుతోంది.

అప్పుడే పడమటిగాలి విసిరింది. మండుతున్న గడ్డి పరక లేచి వెళ్లి జీపు గుడ్డ టాపు మీద పడింది. లోపల డ్రైవరు నిద్రపోతున్నాడు.

"బాబుగారి బండి" అంది రాజులమ్మ. అప్పటికే గీత దాటేసింది. ఆడవాళ్లు దగ్గర్లో ఉన్న గోలేల వైపు చెదిరారు. రాజులమ్మ సంకన కుండతో, కాలిన చేత్తోనే జీపు తలుపు లాగి, లోపలికి దూరింది.

గున్నయ్య చేతిలో మోకు కొస ఉంది.

"కేప్టెన్, వరుస వదలకూడదు. ఆరో నిబంధన" అన్నాడు ఆఫీసరు, జీపు తన వెనకాల ఉండటంతో ఇంకా చూడక.

గున్నయ్య మోకు వదిలేశాడు. పంపూ గొట్టమూ నలభై గజాల ధైర్యమూ అక్కడే పడేసి పరిగెత్తాడు. జీపు టాపు అతని భుజానికి కొంచెం పైన. అటక మీది మూట దించినట్టు మండుతున్న గుడ్డని రెండు చేతులా పట్టి లాగి నేల మీద పడేశాడు. రాజులమ్మ డ్రైవర్ని కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చింది. కుంతీ మిగతావాళ్లూ జీపంతా కుడితితో తడిపేశారు. వెనక్కి తిరిగిన ఆఫీసరు మీసాల మీదా తవుడు మేట వేసింది.

మొహం కడుక్కుని ఆయన నులకమంచం మీద కూర్చుని రిపోర్టు రాశాడు. అబద్ధం రాయని మనిషి, అదే వచ్చిన చిక్కు. పాక మంట ఆరలేదు. కేప్టెన్ వరుస వదిలిపెట్టాడు. జీపు మంటని దళం కానివారు, అధీకృతం కాని ద్రవంతో ఆర్పారు.

"తమ డైవరు బతికేడు కదా బాబూ" అన్నాడు గున్నయ్య. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"బతికాడు. ఫారంలో దానికి గడి లేదు" అన్నాడు ఆఫీసరు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి రాజులమ్మకి దండం పెట్టాడు. జరిగిందంతా వేరే కాగితం మీద పైకి రాస్తానని మాటిచ్చి, టాపు లేని జీపులో ఎండన పడి వెళ్లిపోయాడు.

మాట నిలబెట్టుకున్నాడు. చైత్రంలో జవాబు వచ్చింది. జగ్గారావు అరుగు మీద కూర్చుని చదివాడు. నడిమివలసలోని నలభై గోలేలు మంటలార్పుటకు చక్కగా సరిపోవుచున్నట్టు అధికారి వ్రాసినందున, వాటిని అధీకృత పరికరములుగా గుర్తించడమైనది. పరికరములున్న గ్రామమునకు పంపు ఇచ్చుటకు నిబంధనలు ఒప్పుకొనవు. గుర్తింపు పొందిన పరికరములను ఇతర అవసరములకు వాడరాదు.

"అంటే గేదిలు తాగకూడదు" అన్నాడు జగ్గారావు.

"నువ్వే ఎల్లి సెప్పు వాటికి" అంది రాజులమ్మ.

గున్నయ్య నవ్వలేదు. మర్నాడు మిగతా మగాళ్లంతా ఏరు దాటారు. అతను గోలెం పక్కన గొంతుకూర్చున్నాడు.

"పొలమెల్లవేటి?" అంది రాజులమ్మ.

"ఎల్లను. ఈ గాలి పోయేదాక ఎల్లను."

"ఎందుకట?"

"నువ్వు లోనికెల్తే మరి రావేమోనని బయ్యమే నాకు. పోయినేటినుంచీ బయ్యమే" అన్నాడు.

రాజులమ్మ నవ్వుతుందనుకున్నాడు. ఆమె మొగుడి అరచేతులు తిప్పి చూసింది. మానిన బొబ్బల మీద కొత్త చర్మం ఇంకా పల్చగా ఉంది. లోపలికెళ్లి చిన్న కుండొకటి తెచ్చి అతని ముందు పెట్టింది.

"నిండా ముంచకు, పరిగెడితే తొనికిపోతాది. సగమే ముంచు. నా యెనకే రా, ముందుకెల్లకు. సూరు నాకందదు, అది నువ్వు లాగు."

"సరే" అన్నాడు గున్నయ్య.

నాలుగో రోజు మధ్యాహ్నం గాలి విసిరింది. "ఎర్రయ్యోలిల్లు" అని రాజులమ్మ గొంతు వినపడింది. అతను సగం కుండ ముంచుకుని ఆమె వెనకే పరిగెత్తాడు. పొగలో ఆమె వీపు కనపడినంత మేరా వదలకుండా వెళ్లాడు. గుమ్మం దగ్గర, ఈసారి, తల వంచడం మరిచిపోలేదు.