వెనక బండికి చలేమిటన్నారు

నేను ఒక లారీనని మీరు అనుకుంటే అది మీ అజ్ఞానం. నేను ట్రైలరును. నలభై అడుగుల ఇనుప చట్రం, మూడు ఇరుసులు, పన్నెండు చక్రాలు. ఇంజనూ, మెత్తటి సీటూ, పాటల పెట్టే ఉన్న ముందు బండి వేరు. అది లాగుతుంది, నేను మోస్తాను. లాగేదానికి పేరు, మోసేదానికి తిట్లు. మనుషుల్లోనూ ఇదే ఆచారమని తర్వాత తెలిసింది.

నన్ను నామక్కల్‌లో ఒక షెడ్డులో అతికారు. అతికినవాళ్లు పనిమంతులే. కొన్నవాడు గాజువాక పోలిశెట్టి వరాహమూర్తి. బండ్ల గురించి ఆయనకు తెలిసినవి రెండే: రంగు, పూజ. ప్రతి దసరాకూ నాకు పసుపు రాసి గుమ్మడికాయ కొట్టేవాడు. చక్రం డ్రమ్ములో బ్రేకు లైనింగు అరిగిందా అని మాత్రం పన్నెండేళ్లలో ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు. పొట్ట అడ్డం.

ఆ ఏడు డిసెంబరులో కాశ్మీరులో తవ్వుతున్న ఒక సొరంగానికి ఉక్కు కమానులు చేర్చే పని ఆయనకు దొరికింది. ఇద్దరు డ్రైవర్లు. ఒకడు కిల్లి త్రినాథ, మీసం ఉన్నవాడు. రెండోవాడు కోరాడ సన్యాసి, యాభై రెండేళ్లవాడు, మాట తక్కువ. బయల్దేరే ముందు సన్యాసి నా కిందకు దూరి, గ్రీజు చేతులతో బయటికొచ్చి యజమాని ముందు నిలబడ్డాడు.

"బాబూ, ఎనక నాలుగు టైర్లు నున్నగయిపోనాయి. గాలి ట్యాంకుల్లోకి నీళ్లు దిగుతున్నాయి, తడి పట్టే డబ్బా మార్చాల. లైనింగులు చూపించాల. మంచులో తిరగడానికి గొలుసులు కూడా కావాల."

"ఒరే సన్నేసీ, సలి ఇంజనుకుంటాది. ఎనక బండికేటి సలిరా? దానికేటైనా జలుబు సేస్తాదేటి?" అన్నాడు వరాహమూర్తి.

అందరూ నవ్వారు. త్రినాథ అందరికంటే గట్టిగా నవ్వాడు. యజమాని నవ్వినప్పుడు నవ్వడం అతనికి బండి తోలడం కన్నా బాగా వచ్చు.

ముందు బండికి కొత్త బ్యాటరీ, గడ్డకట్టని నీళ్లు, దళసరి సీటు కవర్లు వచ్చాయి. నాకు రెండు టైర్లూ, రంగూ దక్కాయి. ఆ రంగు వేసినవాడు నా వెనక మెరిసే ఎర్ర పట్టీల మీద కూడా వేసేశాడు. పొగమంచులో నన్నెవరూ చూడకుండా, గుద్దుకుని చావడానికి వీలుగా అందంగా తయారుచేశారన్నమాట. సన్యాసి బ్లేడు పట్టుకుని ఒక పూటంతా కూర్చుని ఆ రంగు గీకాడు. గొలుసులు ఎక్కడో అరువు తెచ్చుకున్నాడు. తడి పట్టే డబ్బా మాత్రం మారలేదు.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నా బ్రేకులు గాలితో పనిచేస్తాయి. గాలిలోని తడి నా ట్యాంకుల అడుగున నీరై చేరుతుంది. దాన్ని రోజూ వదిలేయాలి. లేకపోతే చలికి గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంది. చిన్న రింగు పట్టి లాగితే చాలు, బుస్సుమని నీళ్లు కక్కేస్తాను. అర నిమిషం పని. ఆ అర నిమిషం వంగడానికి మనిషి జాతిలో నూటికి ఒక్కడికి కూడా మనసొప్పదు.

సన్యాసి రోజూ వంగాడు. నాగపూర్ దాటేలోపే త్రినాథకు అది వేళాకోళమైపోయింది.

"ఏటి మావా, బండికి ఉచ్చ పోయిస్తన్నావా?"

సన్యాసి తర్వాతి రింగుకు జరిగేవాడు. జమ్ము దాటాక అతని పనులు ఇంకా పెరిగాయి. ఆగిన ప్రతిచోటా నా దీపాల మీది బురద తుడిచేవాడు, ఇనుప కడ్డీతో టైర్లు కొట్టి చూసేవాడు. నిలిపినప్పుడు నా బ్రేకు బిగించేవాడు కాదు. చక్రాలకు అటూ ఇటూ చెక్క దుంగలు పెట్టేవాడు. బిగిస్తే తడిసిన లైనింగు చలికి డ్రమ్ముకు అతుక్కుపోతుందని అతనికి తెలుసు. నాకు మనుషుల మీద గౌరవం లేదు. అయినా దుంగ సరిగ్గా కూర్చుందా లేదా అని అతను రెండోసారి తన్ని చూసేవాడు. అది నేను గమనించకపోలేదు.

ఘాట్ రోడ్డు మధ్యలో మంచు పడి దారి మూసేశారు. సన్యాసికి జ్వరం తగిలి రోడ్డు పక్క వైద్య శిబిరంలో రెండు రోజులు పడుకున్నాడు. ఆ రెండు రోజులూ నేను త్రినాథ పాలబడ్డాను. అతను బురద మంచులోంచి తెచ్చి నన్ను ఒక పక్కన నిలిపి, బ్రేకు గట్టిగా బిగించి, ముందు బండిలో వేడి పెట్టుకుని సెల్‌ఫోనులో బొమ్మలు చూస్తూ పడుకున్నాడు. రింగు లాగలేదు.

మూడో రోజు పొద్దున దారి తెరిచారు. త్రినాథ ఇంజను రొద పెట్టాడు. నా ఎడమ చక్రాలు తిరగలేదు. టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు తెచ్చి డ్రమ్ముల మీద పోశాడు. మంచును నీళ్లతో చంపుదామనుకునే తెలివి! చక్రాలు పట్టు వదిలాయి, నిజమే. పోసిన నీళ్లు ఇంకో చోట గడ్డకట్టాయి. అప్పటికి సన్యాసి కోతి టోపీ పెట్టుకుని, తూలుతూ వచ్చాడు.

"ట్యాంకు నీళ్లు ఇప్పినావేటిరా?"

"రెండు పూటలా ఇప్పినాను మావా."

సన్యాసి వంగి రింగు పట్టుకున్నాడు. అది కదల్లేదు. రాయిలా ఉంది.

"అబద్ధమాడకు. లోపల గడ్డకట్టింది. అరగంట ఆగు, ఎండ తగలనీ. ఎనక బ్రేకు పడతాదో లేదో ఇక్కడే లాగి చూద్దాం."

వెనక వందల బళ్లు హారన్లు కొడుతున్నాయి. "అంతమంది తిడతన్నారు, ఇనబడతలేదా? ఎక్కుతావా, ఇక్కడే ఉండిపోతావా?" అని అరిచాడు త్రినాథ.

సన్యాసి నా వైపు చూశాడు. దారి వైపు చూశాడు. ఎక్కాడు.

అప్పుడు అతని మీద నాకు కలిగిన ఏవగింపు త్రినాథ మీద కూడా ఎన్నడూ కలగలేదు. త్రినాథకు ఏమీ తెలియదు. ఇతనికి అంతా తెలుసు.

దిగుడులో మూడో మలుపు దగ్గర నలుగురు కూలీలు పారలతో మంచు తీస్తున్నారు. త్రినాథ బ్రేకు తొక్కాడు. ముందు బండి పట్టుకుంది. ఆగమన్న కబురు నా దాకా రాలేదు. గాలి దారిలో మంచు గడ్డ కూర్చుంది. పాతిక టన్నుల ఉక్కుతో నేను ముందు బండిని నెట్టాను. అది అడ్డం తిరిగింది. మోచెయ్యి మడిచినట్టు ఇద్దరం మడతపడ్డాం. నా తోక రోడ్డంతా ఊడ్చుకుంటూ పోయి కొండను కొట్టింది. ముగ్గురు కూలీలు దూకేశారు. నాలుగోవాడు బషీర్. అతని కాలు నాకూ కొండకూ మధ్య ఇరుక్కుంది.

త్రినాథ దిగి, తల పట్టుకుని కూర్చున్నాడు. సన్యాసి జాకీ తెచ్చి మంచులో బోర్లా పడుకుని నా కింద పెట్టాడు. అది జారింది. తన కోటు విప్పి దాని కింద పరిచి మళ్లీ ఎత్తాడు. గంట సేపు "అయిపోయింది భాయ్, అయిపోయింది" అని వచ్చీరాని హిందీలో చెబుతూనే ఉన్నాడు. బషీర్‌ను ఆసుపత్రికి మోసుకుపోయారు. కాలు మోకాలి కింద తీసేశారు.

తర్వాత మనుషులు మనుషుల్లాగే ప్రవర్తించారు. వరాహమూర్తి ఫోనులో పోలీసులతో, "బండితో నాకేటి సంబంధం? డ్రైవర్లనడగండి" అన్నాడు. త్రినాథ మంచుదే తప్పన్నాడు. అది వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. ముందు బండి బాగుపడింది. త్రినాథ దాన్ని తోలుకుని ఊరికి పోయాడు. నా చట్రం వంకరపోయింది. నన్ను సొరంగం పనివాళ్ల పెరడులో ఒక మూలకు ఈడ్చి, రోడ్డు మీద చల్లే ఉప్పు బస్తాలు నా మీద పేర్చారు.

సన్యాసి ఊరికి పోలేదు. అదే పెరడులో బళ్లు చూసే పనికి కుదిరాడు. అక్కడి ట్రైలర్ల రింగులు లాగడం, దుంగలు పెట్టడం అతని పని. ఏ బండికైనా రింగు కదలకపోతే తాళం చెవి జేబులో వేసుకుని పోయేవాడు. డ్రైవర్లు బూతులు తిట్టేవారు. తిట్టనిచ్చేవాడు.

ఏప్రిల్‌లో బషీర్ వచ్చాడు. చంకలో కర్ర. పెరడంతా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. నా తోక మీద అరచెయ్యి ఆనించాడు. సన్యాసి గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కడికి వచ్చాడు. కోతి టోపీ లేని మనిషిని బషీర్ గుర్తుపట్టలేదు.

"ఈ బండి ఎవరిది?" అని అడిగాడు హిందీలో.

సన్యాసికి నాలో ఒక్క మేకు కూడా సొంతం కాదు. కాగితాల్లో అతని పేరు ఎక్కడా లేదు. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నదీ అతను కాదు. ఆ మాటల్లో ఏ ఒక్కటి చెప్పినా చాలు, అన్నీ నిజాలే.

"నాది," అన్నాడు సన్యాసి.