నాలుగు గిన్నెల సాక్ష్యం

"ఎక్కడ చచ్చావే! ఇంతసేపూ బజార్లో ఏం రాచకార్యం వెలగబెడుతున్నావ్!"

పొద్దున పదింటికి ఆ అరుపు వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా పోయింది. టైలరు షాపు దాటి, మందుల షాపు దాటి, మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, పెద్ద రోడ్డు రొదలో కలిసిపోయింది. ఇస్త్రీ బాబాయి పెట్టె పైకెత్తి పట్టుకుని చెవి ఒగ్గాడు.

"ఇది ఇవాళ్టిది కాదండి," అన్నాడు, చొక్కా కోసం నిలబడ్డ మాస్టారితో. "పోయిన వానాకాలందై ఉంటుంది. తడి లేదు చూశారా, గరగరలాడుతోంది. మైకు మేస్త్రీ ఏడింటికే పనికి పోయాడు. పిల్ల ఏదో డబ్బా మూత తీసుంటుంది."

"తీస్తే తీసిందిలే, నువ్వు నా కాలరు మాడ్చకు," అన్నాడు మాస్టారు.

సంగతేమిటంటే, మన ఇళ్ళలో అరుపు అరిస్తే గోడకి కొట్టుకుంటుంది, కిటికీలోంచి పోతుంది, పీడా వదిలిపోతుంది. ఆ మేస్త్రీ ఇంట్లో పోదు. మూత ఉన్న వస్తువు ఏది కనబడితే అందులోకి దూరి కూర్చుంటుంది. సబ్బు పెట్టె, చక్కెర డబ్బా, నీళ్ళ ట్యాంకు, దానికి ఎక్కువ తక్కువ లేదు. మూత తీశామా, ఒక్కసారి ఉన్న బలమంతా పెట్టి బయటికొచ్చి పోతుంది. అంతే, ఆ గిన్నె మళ్ళీ మామూలు గిన్నె. అందుకే నానమ్మ వంటింట్లో పప్పులన్నీ మూతల్లేకుండా కాగితాలు కప్పి పెట్టుకునేది. నిండిపోయిన డబ్బాలకి గుడ్డ కట్టి అటక మీదికి ఎక్కించేది. ఒకసారి ప్రెషర్ కుక్కరు కొన్నారు. వారం తిరక్కుండా అవతలి వీధివాళ్ళకి ఇచ్చేశారు.

ఇంత సరుకు నింపిన మహానుభావుడు ఆ మూత తీసిన అమ్మాయి వాళ్ళ నాన్న. షాపులకి ఇనప షట్టర్లు చేసే షెడ్డులో మేస్త్రీ. పది సుత్తులు ఒక్కసారి రేకు మీద పడుతుంటే మాట వినపడాలంటే అరవాల్సిందే. ఇరవై ఏళ్ళు అలా అరిచి అరిచి, ఇంటికొచ్చాక ఆపడం మర్చిపోయాడు. చెయ్యెత్తి ఒక్క దెబ్బ వెయ్యలేదు. తాగడు. ఫీజు ఆలస్యం చెయ్యడు. కానీ కూర చల్లారితే అరుపు, చెప్పు తిరగబడితే అరుపు, పిల్ల నవ్వితే ఎందుకు నవ్వావని, నవ్వకపోతే ఎందుకు ఏడుపుగొట్టు మొహమని. వీధి మైకు మేస్త్రీ అని పేరు పెట్టి నవ్వుకుంది. వీధికేం, నవ్వుతుంది. లోపల ఉండేది వీధి కాదుగా!

అమ్మాయికి పదహారేళ్ళ నాలుగు నెలలు. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. నోట్లో నాలుక లేని మనిషి, అందరూ అదే మాట అనేవాళ్ళు. గొంతెత్తి ఎరగదు, అందుకే ఆ ఇంట్లో ఏ డబ్బాలోనూ ఆవిడ మాట మిగల్లేదు. అమ్మాయి మొదటి ఏడాదంతా వెతికింది. పౌడరు డబ్బా తీసింది, బొత్తాల డబ్బా తీసింది, ఆఖరికి అమ్మ కళ్ళజోడు పెట్టె కూడా తీసింది. ఎందులో చూసినా నాన్నే. కళ్ళజోడు పెట్టెలో మరీ చిన్నది, "తొందరగా!" అని. దాన్ని మూసేసి, అంతటితో వెతకడం మానేసింది.

భోజనాల దగ్గర అరుపులు ఎక్కువని, ఆ ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుపోయేవారు. నాన్న టీవీ ముందు, నానమ్మ పొయ్యి దగ్గర, అమ్మాయి మెట్ల మీద.

పదిహేనో ఏట ఒకసారి ఇల్లు వదిలింది. పిన్ని ఉండే ఊరికి, అంటే అమ్మ చెల్లెలి దగ్గరికి, బస్సెక్కబోతే బస్టాండులోనే పోలీసులు ఆపారు. ఎస్సై మంచివాడే. టీ తాగించాడు, ఆ తర్వాత జీపులో తెచ్చి గుమ్మం ముందు దించాడు.

"చూడమ్మా, పద్దెనిమిది నిండేదాకా నువ్వు ఎక్కడుండాలో చెప్పేది మీ నాన్న. నువ్వు పారిపోతే నిన్ను తెచ్చి అప్పజెప్పడం నా డ్యూటీ. మీ పిన్ని దాచిపెట్టిందనుకో, కేసు ఆవిడ మీద పడుతుంది. అది కావాలా నీకు?"

అది వద్దు కాబట్టి ఊరుకుంది. కుక్కిన పేనులా ఏడాది పడి ఉంది. ఈ ఏడాది పరీక్షలు పాసయ్యాక పిన్ని మళ్ళీ కబురు పెట్టింది: "మా కళ్ళజోళ్ళ షాపు వెనకాలే కాలేజీ. నా గదిలో రెండో మంచం వేశాను. పంపండి బావా." బావగారి జవాబు బియ్యం డ్రమ్ములో ఇంకా ఉంది.

అప్పుడు అమ్మాయి కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి, కోర్టు వెనక ఉచితంగా సలహాలు చెప్పే ప్లీడరమ్మని పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పింది.

"దారులు మూడే. ఇరవై నెలలు ఓపిక పట్టడం ఒకటి. మీ నాన్న ఒప్పుకుని సంతకం పెట్టడం రెండు. లేదంటే, ఆ ఇంట్లో ఉండటం నీకు చేటని నిరూపించి, సంరక్షణ మీ పిన్నికి మార్చమని కోర్టుని అడగడం. కొట్టాడా?"

"లేదండి."

"పస్తు పెట్టాడా?"

"లేదండి. అరుస్తాడు."

"అరుపు ఒంటి మీద కనపడదే తల్లీ. సాక్ష్యం ఏదీ?"

"ఇంట్లో ఉందండి. డబ్బాల్లో."

ప్లీడరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. "మరి ముందే చెప్పవేం! నాలుగు చాలు. మూతలు బిగించి తీసుకురా. మీద కాగితం అంటించి తేదీ రాయి. తేదీ లేకపోతే అవతలివాళ్ళు గొడవ చేస్తారు."

ఇదిగో, పొద్దున వీధిలోకి పోయిన అరుపు ఆ పనిలో చెయ్యి జారిందే. గిన్నె గిన్నెకీ మూత ఉన్న నాలుగు గిన్నెల క్యారేజీ ముందు పెట్టుకుని అమ్మాయి అటక మీంచి ఒక్కొక్క డబ్బా దించుతోంది. గిన్నె మూతీ డబ్బా మూతీ ఎదురెదురుగా ఆనించి చటుక్కున వంపితే అరుపు చప్పుడు లేకుండా జారుతుంది, పేరిన నెయ్యి జారినట్టు. మొదటిది తప్పింది గానీ తర్వాతవి కుదిరాయి. ఏ అరుపు ఎందులో దూరిందో ఎప్పటికప్పుడు చూసిన పిల్లే కాబట్టి, తేదీ వేసి, ఒకదానికి 'బడి నుంచి ఆలస్యం' అని రాసింది, ఒకదానికి 'చదువు గురించి', ఒకదానికి 'ఊరికే'.

నాలుగోదానికి పెద్దది కావాలనుకుంది. అటక మూల అమ్మ రేకు పెట్టె ఉంది. దానికి నానమ్మ ఒకటి కాదు, మూడు గుడ్డలు కట్టి, పైన తాడు బిగించింది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇంత గట్టిగా కట్టిందంటే లోపల నాన్న ఎంత అరుపు అరిచాడో అనుకుంది పిల్ల. నానమ్మ నీళ్ళకి పోయిన సమయం చూసి ముళ్ళు విప్పింది. జారుతున్నప్పుడు గిన్నె బరువెక్కింది. 'తేదీ తెలియదు' అని రాసి బిగించింది. లోపలేముందో వినకుండా పట్టుకుపోవడం పొరపాటే. కానీ వింటే అయిపోతుంది కదా, ఏం చేస్తుంది పాపం!

ఆ నెలలోనే విచారణ, జడ్జిగారి గదిలో, తలుపు వేసి. పిల్లల విషయాలు నలుగురిలో వినరు. నాన్న పనిబట్టల్లోనే వచ్చాడు, మోచేతుల దాకా ఇనప పొడి. పక్కన నానమ్మ. ఇటువైపు పొద్దున్నే బస్సు దిగిన పిన్ని, ప్లీడరమ్మ, మధ్యలో అమ్మాయి. బల్ల మీద క్యారేజీ.

"భోజనమా?" అన్నారు జడ్జిగారు.

"సాక్ష్యమండి," అంది ప్లీడరమ్మ.

గుమస్తా మొదటి గిన్నె తెరిచాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. రెండోది తెరిచాడు. "నీ చదువూ నువ్వూ! నువ్వు చదివి ఎవర్ని ఉద్ధరించాలి!" మూడోదానికి బయట బంట్రోతు తలుపు తీసి తొంగి చూసి, మళ్ళీ వేసేశాడు.

"మీవేనా?" అన్నారు జడ్జిగారు.

నాన్న తల దించుకునే ఉన్నాడు. "నావేనండి! నా కూతురు! నేను కాక పక్కింటోడు అరుస్తాడా! పంపేస్తే రేపు ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి, గోడలు చూస్తూ కూర్చోవాలా!" చివరి మాట కూడా అరుపే. కానీ అమ్మాయి అటు తిరిగి చూసింది. ఆ మాట ఏ డబ్బాలోనూ ఆమెకి ఇదివరకు దొరకలేదు.

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "చూడమ్మాయ్. నువ్వు చెప్పింది అబద్ధమనను. కానీ అరుపుల్లేని ఇల్లు నేనింకా చూడలేదు. మా ఇంట్లోనూ ఉన్నాయి. వీటి కోసం తండ్రి దగ్గర్నుంచి పిల్లని విడదీస్తే ఊళ్ళో పిల్లలంతా బస్టాండులో ఉంటారు. ఇరవై నెలలు ఎంతలో తిరిగొస్తాయి..."

అమ్మాయి లెక్క వేసుకుంది. ఇరవై నెలలు. మెట్ల మీద కంచం.

"ఇంకోటుందండి," అంది ప్లీడరమ్మ.

గుమస్తా నాలుగో మూత తీశాడు. ముందు రేకు కిర్రుమంది. తర్వాత ఒక ఆడగొంతు, తల పెట్టెలో దూర్చి, ఊపిరంతా పట్టి అరిచిన గొంతు:

"పోతాను! దీనికి పద్దెనిమిది రానీ, దీని చెయ్యి పట్టుకుని ఈ ఇంట్లోంచి పోతాను! ఇంక ఐదేళ్ళే! ఐదేళ్ళు ఓర్చుకోలేనా! ఓర్చుకుంటాను!"

"అక్కా!" అంటూ పిన్ని లేచి నిలబడిపోయింది.

అమ్మాయి గిన్నె లాక్కుని చెవికి ఆనించుకుంది. ఏమీ లేదు. ఉత్త గిన్నె. మూడేళ్ళుగా దొరకని గొంతు ఒక్కసారే వచ్చి పోయింది, ఆ వచ్చింది కూడా తన కోసమే ఓర్చుకుంటానని. ఆ ఐదేళ్ళలో రెండు నెలలైనా గడవకుండానే జ్వరం వచ్చింది.

"ఇంకొంచెం ఉందేమో చూడు," అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

"అడుగున చూడు."

చూసింది. తల అడ్డంగా ఊపింది. ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"అది అరిచినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను," అంది నానమ్మ, కొంగుతో మూతి నొక్కుకుంటూ. "అది పోయాక గుడ్డలు కట్టాను."

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"అరుస్తావని."

నాన్న నోరు తెరిచాడు. అందరూ అలవాటుగా భుజాలు ముడుచుకున్నారు. ఏమీ రాలేదు. ఇనప పొడి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పండి, నేను రాసుకోవాలి," అన్నాడు గుమస్తా.

పుట్టి బుద్ధెరిగాక మైకు మేస్త్రీని గట్టిగా మాట్లాడమన్న మొదటి మనిషి ఆ గుమస్తాయే. ఆయన గొంతు సవరించుకున్నాడు. అయినా రాలేదు. చివరికి గుమస్తాయే కుర్చీ దగ్గరికి జరిగి, చెవి పెట్టి విని, జడ్జిగారికి చెప్పాడు.

"అభ్యంతరం లేదంటున్నారండి. సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు."

పద్దెనిమిది నిండేదాకా పిన్ని సంరక్షణ. కాలేజీ మానకూడదు. నెలకోసారి తండ్రి వచ్చి చూడొచ్చు. జడ్జిగారు చదువుతుంటే ప్లీడరమ్మ అమ్మాయి మోచెయ్యి గిల్లింది, గెలిచావే అన్నట్టు. అమ్మాయి ఏడుస్తూనే ఉంది. తెరవకుండా ఉంచుకుని ఉంటే అమ్మ ఇంట్లో ఉండేది. అలా ఉంచుకుంటే తను కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. ఈ లెక్క తెగేది కాదు.

మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చారు. ఆరింటికి బస్సు. ఒక సంచీ, రెండు జతల చెప్పులు, పుస్తకాలు, సర్దడానికి అంతకన్నా లేవు. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సంచీ జిప్పు పట్టేస్తే వచ్చి, మోకాలితో నొక్కిపట్టి లాగి వెళ్ళాడు. ఒక్క మాట లేదు. అమ్మాయికి ఆ నిశ్శబ్దం కొత్త. అరుపులకైతే ఎలా నిలబడాలో తెలుసు, దీనికి తెలియలేదు.

"పొద్దున్నుంచి ఎవరూ మెతుకు ముట్టలేదు," అంటూ నానమ్మ అన్నం దించింది. పిన్నికి ఈ ఇంటి పద్ధతి తెలియక నాలుగు కంచాలూ వరసగా నేల మీద పెట్టేసింది.

నాన్న తన కంచం అందుకోబోయి, ఆగాడు. టీవీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"కూర్చోండి బావా," అంది పిన్ని.

కూర్చున్నాడు. మోకాలు ఎటు మడవాలో తెలియక అమ్మాయి కంచానికి తగిలించాడు. నానమ్మని ఎప్పుడూ పొయ్యి దగ్గరే చూసిన పిల్లకి, ఆవిడ బాసిపట్టు వేసుకుని ఎదురుగా కూర్చుంటే చిన్నపిల్లలా కనపడింది. నలుగురికీ వడ్డనయింది. ఎవరు ముందు తినాలో ఎవరికీ తెలియలేదు. ఆవిర్లు మొహాలకి కొడుతున్నాయి.

"కలుపుకో," అన్నాడు నాన్న, పక్కనున్న అమ్మాయికి మాత్రమే వినపడేంత మెల్లగా. "దారిలో ఆకలేస్తుంది."

అమ్మాయి కలుపుకుంది. మొదటి ముద్ద గొంతులో అడ్డంపడింది. నాన్న మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపాడు. అప్పుడు అందరూ తినడం మొదలుపెట్టారు.