సిర్మక్ కింద మూత

మా బావగారు ఎర్ముఖన్ పడవలో, వెనకవైపు నేలచెక్కల మధ్య, ఒక మూత ఉండేది. చదరంగా, మూరెడు. పైన ఇనప కడియం. కడియం పట్టుకుని లాగితే కింద పెట్రోలు ట్యాంకు, దాని నెత్తిన రబ్బరు గొట్టం, గొట్టాన్ని బిగించి ఉంచే క్లిప్పు కనబడతాయి. రోజూ పొద్దున్నే ఇంజిను తిప్పబోయే ముందు ఆయన నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, పొడి గుడ్డతో ఆ అతుకు తుడిచి, గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వాసన లేదంటేనే బయల్దేరేది. ఒడ్డున వలలు దులుపుకునే వాళ్ళకి అదొక వేడుక.

"ఎర్ముఖన్ మళ్ళీ పడవ పొట్టకి చెవి ఆనించాడ్రా. అడగండి, ఎన్నో నెలో."

ఆయన నవ్వేవాడు గానీ మానేవాడు కాదు. మా అరల్ సముద్రం ఎండి మమ్మల్ని వదిలిపోయి, సగమే తిరిగొచ్చింది. ఆ సగంలో మళ్ళీ పడవ దింపిన మొదటివాళ్ళలో ఆయనొకడు. అలాంటివాడికి పడవ మీద ఎంత మమకారం ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ మమకారమే ఆ మూతని మూసేసింది.

వసంతంలో ఆయన కొడుకు ఒరాల్‌కి పెళ్ళయింది. కోడలు మర్జాన్ గొర్రెల మందలున్న ఇంటి పిల్ల. సముద్రం ఎరగదు. వాళ్ళమ్మ కుల్పాష్ చెయ్యి మా జిల్లాలో పేరున్న చెయ్యి. ఉన్ని తడిపి, తొక్కి, చుట్టి, ఎరుపూ నలుపూ పొట్టేలు కొమ్ముల ముగ్గులు కుట్టిన సిర్మక్ ఒకటి కూతురితో పంపింది. నిండు గది పట్టేంత కంబళి. పంపుతూ ఒక మాట అంది.

"అన్నయ్యగారూ, దీన్ని గోడకి వేలాడదీయకండి. మీకు అన్నం పెట్టే చోట పరుచుకోండి."

మాకు అన్నం పెట్టేది పడవే కదా. బావగారు మరో ఆలోచన పెట్టుకోలేదు. సిర్మక్ తీసుకెళ్ళి పడవ నేల మీద పరిచేశాడు. మూత కడియం కింద బొడిపెలా తగులుతోందని రంపంతో కోసేశాడు. అలలకి జారకుండా అంచుల వెంట చెక్కపట్టీలు పెట్టి మేకులు కొట్టాడు. ఒక కొస మిగిలిపోతే మడిచి మూత పక్క సందులోకి దూర్చాడు.

"నాన్నా, మరి మూత తియ్యాలంటే?" అన్నాడు ఒరాల్.

"శీతాకాలమంతా కూర్చుని కొత్త క్లిప్పు వేశాను. ఈ ఏడాదికి తియ్యక్కర్లేదు. వియ్యపురాలి చేతి పని మీద కత్తి పెడితే ఇంకేమైనా ఉందా?"

పడవ ఎక్కిన వాళ్ళందరూ చెప్పులు విప్పి ఎక్కడం మొదలెట్టారు. చేపల పడవలో చెప్పులు విప్పడం మా ఊళ్ళో అదే మొదలు.

మర్జాన్‌ని పడవ ఎక్కించిన ప్రతిసారీ సిర్మక్ నడుమ కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళమ్మ చేతి పని, ఆ పిల్లే కూర్చోవాలి. మగవాళ్ళు ముందు నిలబడితే, మేం పక్కచెక్కల మీద ఉండేవాళ్ళం. మొదటిసారి దిగగానే ఒడ్డున కూర్చుని వాంతి చేసుకుంది. రెండోసారీ అంతే. ఇంట్లో ఒరాల్ చొక్కా ఉతకబోయి ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. అది నా కళ్ళతో చూశాను.

చూశాక కాళ్ళాగుతాయా? తిన్నగా ఒరాల్ తల్లి, మా తోడికోడలు బాల్కియా అక్క దగ్గరికి పోయి చెయ్యి చాచాను.

"అక్కా, శుయిన్షి ఇవ్వు."

మంచి కబురు మోసుకొచ్చిన వాళ్ళకి ఇవ్వాల్సిన కానుక అది. అక్క కబురేమిటని కూడా అడగలేదు. నా మొహం చూసింది, తలకున్న పట్టు రుమాలు విప్పి నా మెడలో వేసింది. ఆ రాత్రికే చిన్న చొక్కాకి గుడ్డ కత్తిరించడం మొదలెట్టిందట.

మర్జాన్ నన్ను పాకలో పట్టుకుంది.

"చిన్నత్తా, నాకేం లేదు. పడవలో పెట్రోలు వాసన వస్తోంది. కడుపులో తిప్పేస్తోంది."

"పెట్రోలు పడవలో పెట్రోలు వాసన రాక గులాబీల వాసన వస్తుందా? మా అందరికీ రాని వాసన నీకొక్కదానికే వస్తే దాన్నేమంటారో తెలుసా పిచ్చిదానా?"

"మీ అందరి బట్టలకీ అదే వాసన చిన్నత్తా. మీకెలా తెలుస్తుంది?"

"అలాగేలే. మొదట్లో అందరూ సిగ్గుపడి ఇలాగే అంటారు."

ఇక మామగారికే చెబుదామంటే ఆ పిల్ల కొత్త కోడలు. మామగారి ఎదుట గొంతెత్తకూడదు, తల ఎత్తకూడదు. ఆయన ఎదురైతే వంగి నమస్కరించి పక్కకి తప్పుకోవాలి. మొగుడితో చెబితే వాడు, "అమ్మ అంత సంబరంగా ఉంది, పాడు చెయ్యకు," అన్నాడట.

కబురు అందుకుని కుల్పాష్ వచ్చింది. వట్టి చేతుల్తో రాలేదు, ఒంటెపాల శుబాత్ తిత్తి, ఎండబెట్టిన పెరుగు కుర్త్ ఉండల మూట తెచ్చింది. బావగారికి పూనకం వచ్చినట్టయింది.

"చెల్లెమ్మకి నీళ్ళ మధ్య టీ తాగిద్దాం. సమోవరు ఎక్కించండి."

ట్యాంకు మూతిదాకా నింపించాడు. అందరం బయల్దేరాం. గాలి లేదని వెళ్ళామా, కాసేపటికి అలలు లేచాయి. పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వడం.

"వదినగారూ, మనవడు పుడితే సముద్రమంటే భయపడడు చూడండి, కడుపులోనే ఊయల."

"భయపడితే నా గొర్రెల దగ్గరికి పంపించెయ్యండి, నేను సాకుతాను."

ఇసకదిబ్బ కనుచూపులో ఉండగా బావగారు ఇంజిను ఆపాడు. పడవ తేలుతోంది. టీ నీళ్ళు కాచే సమోవరు తెచ్చి సిర్మక్ మీదే పెట్టాడు. దాని నడిమి పొగగొట్టంలో చితుకులూ బొగ్గులూ వేశాడు. అక్క నూనెలో వేయించిన బౌర్సాకుల మూట విప్పింది. మర్జాన్ మొహం సున్నం కొట్టినట్టుంది.

"అత్తయ్యా, వాసన," అంది నెమ్మదిగా.

"వస్తుందమ్మా, మూడో నెల దాటేదాకా వస్తుంది. ఈ కుర్త్ బుగ్గన పెట్టుకో."

బావగారు అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండో పుల్ల తీసి, గాలి తగలకుండా సిర్మక్ మీదికి వంగి, అరచేతులు దొప్పలా పట్టాడు.

"నాకు నెల తప్పలేదు."

మర్జాన్ గొంతు. అంత గట్టిగా ఆ గొంతు మేం అంతవరకు వినలేదు. లేచి నిలబడింది. మామగారి మొహంలోకి సూటిగా చూస్తోంది.

"నేను మొన్ననే బయట ఉన్నాను. నా కడుపులో ఏమీ లేదు మామగారూ. ఇది పెట్రోలు వాసన. అగ్గిపుల్ల గియ్యకండి."

ఏ ఆడదీ మామగారి ముందు పలకని మాట. బౌర్సాకు పట్టుకున్న అక్క చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. కుల్పాష్ రుమాలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒరాల్ నీళ్ళకేసి తిరిగిపోయాడు. నా మెడలో పట్టు రుమాలు ఉరితాడులా అనిపించింది. బావగారు పుల్ల ఒక చేతిలో, పెట్టె ఒక చేతిలో పట్టుకుని అలా వంగే ఉన్నాడు, గియ్యనూ లేదు, దించనూ లేదు.

ఎవరైనా ఏదైనా అనేలోపే ఆ పిల్ల చేపల కత్తి అందుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళమ్మ కుట్టిన పొట్టేలు కొమ్ముల నడిమధ్యన కత్తి దింపింది.

"ఒసే, నీ చేతులు విరగ," అంది కుల్పాష్.

మర్జాన్ వినలేదు. సిర్మక్ మందం, కత్తి సాగదు. రెండు చేతులా పట్టి మూత వైపుకి కోసుకుంటూ పోయింది. కోసిన ముక్క అంచు పట్టుకుని లేపింది.

అడుగువైపు ఉన్ని నల్లగా, బరువుగా ఉంది. ఆమె పిడికిలి బిగిస్తే వేళ్ళ సందుల్లోంచి కారింది. అప్పుడు కొట్టింది మాక్కూడా, కళ్ళు మండేంత వాసన. మేకులు కొట్టిన కంబళి ఇన్నాళ్ళూ దాన్ని పైకి రానివ్వలేదు, నడుమ కూర్చున్న ఆ పిల్లకి తప్ప. ఒరాల్ చేపల కొక్కెం మొనతో మూత పైకి లేపాడు. సందులోకి దూర్చిన కొస లోపలికి వేలాడి, సరిగ్గా గొట్టం అతుకు మీద కూర్చుని ఉంది. గొట్టం అక్కడ చీలింది. ట్యాంకు నిండా ఉండి పడవ ఊగినప్పుడల్లా ఒలికేది ఒలికినట్టే ఆ కొస పీల్చుకుని పైకి తెచ్చింది. దీపం వత్తి ఎలా పీలుస్తుందో అలా.

మేమంతా ఆ వత్తి మీద చెప్పులు విప్పి కూర్చున్నాం.

కుల్పాష్ రుమాలు కొంగు దించింది. తన చేతి పని అడుగువైపు ముట్టుకుంది, వేళ్ళు వాసన చూసుకుంది. ఏడవలేదు. కూతురి చేతిలోంచి కత్తి తీసుకుని, కోత ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి తనే కోయడం మొదలెట్టింది.

బావగారు అగ్గిపెట్టె నీళ్ళలోకి విసిరాడు. ఆ తర్వాత ఎవరూ ఇంజిను మాటెత్తలేదు. తెడ్లు తీసి ఇసకదిబ్బకి చేరాం. సిర్మక్ ముక్కలు దూరంగా ఇసక మీద పడేశారు. చన్నీళ్ళతో గొంతు తడుపుకున్నాం.

అక్క దిబ్బ చివరన ఒంటరిగా కూర్చుంది. వెళ్ళి పక్కన కూలబడి మెడలో రుమాలు విప్పబోయాను.

"ఉంచు," అంది.

"ఎలా ఉంచుకోను అక్కా?"

"ఉంచవే. ఆ చొక్కా సంచిలో పెట్టుకొచ్చాను, వదినగారికి చూపిద్దామని. చేతులు కూడా కుట్టేశాను." చాలాసేపు నా మోకాలు పట్టుకుని కూర్చుంది.

అవతల పడవలో బావగారు బోర్లా పడుకుని పని చేస్తున్నాడు. చీలిన మేర గొట్టం కోసేశాడు. మిగిలింది లాగి, క్లిప్పు బిగించాడు. ఒరాల్ అడుగున చేరిన పెట్రోలు గుడ్డలతో అద్ది తీశాడు. మర్జాన్ నీళ్ళలో మోకాలిలోతున, పడవ అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తల దించుకోలేదు. ఆయన ఆమెకేసి చూడలేదు.

"ఒరాల్, అడుగు," అన్నాడు లోపల్నుంచి. "ఇంకా వస్తోందేమో అడుగు."

ఒరాల్ పెళ్ళాం వైపు తిరిగాడు. అడిగేలోపే మూత కన్నంలోంచి బావగారి చెయ్యి బయటికొచ్చింది. చేతిలో పొడి గుడ్డ. కొడుకు వైపు కాదు, ఆమె వైపు చాచాడు.

"చూడమ్మా," అన్నాడు.

మర్జాన్ గుడ్డ అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మేమందరం ఆమె మొహమే చూస్తున్నాం.

"ఇంకా ఉంది మామగారూ," అంది.

ఆయన మళ్ళీ బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాడు.