రెండు ఘడియల పళ్ళెం

"మా నిరూ దీక్ష తీసుకుంటోంది!"

ఈ మాట మా అమ్మ నోట్లోంచి బయల్దేరి, మా పోళ్‌లో, అంటే ఒకే పెద్ద తలుపున్న మా ఇరుకు సందులో, ఇరవై నాలుగు గడపలూ ఎక్కి దిగి, మాణెక్ చౌక్ బజారులో నా బొత్తాల కొట్టుకి చేరడానికి సరిగ్గా పావుగంట పట్టింది. ఫోన్ చేసింది ఎదురింటి మేనాబెన్. ఆవిడ పేరుకి తగ్గ మనిషి. ఏ వార్త దొరికినా మేనాలో కూర్చోబెట్టి ఊరేగిస్తుంది.

"సేవంతీభాయి! ఎంత పుణ్యం చేసుకున్నారయ్యా! భార్య సాధ్వి అవుతుంటే మీరక్కడ బొత్తాలు ఏరుకుంటూ కూర్చున్నారా?"

నా చేతిలో డబ్బా జారి బొత్తాలన్నీ రోడ్డున పడ్డాయి. నేనూ రోడ్డున పడ్డట్టే కదా! ఇరవై నాలుగేళ్ళ కాపురం. నాతో ఒక్క మాటైనా అనకుండా, జైన సన్యాసినుల్లా జుట్టు పీకించుకుని, తెల్లబట్ట కట్టుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా ఊళ్ళు తిరగడానికి వెళ్ళిపోతుందా నా నిరుపమ? ఆ క్షణంలో నాకు మొట్టమొదట ఏమనిపించిందో చెబితే మీరు నన్ను కడిగేస్తారు. అయినా చెప్పేస్తాను. 'మరి రేపట్నుంచి అంట్లు ఎవరు తోముతారు?' అనిపించింది.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. అరుగు మీద జనం. పాటలు. మేనాబెన్ చేతిలో కొబ్బరికాయ, కుంకుమ. మధ్యలో మా ఆవిడ మెడలో ఎవరో దండ కూడా వేసేశారు. రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని, దొంగతనం అంటగట్టబడ్డ అమాయకురాలిలా నిలబడి ఉంది.

"ఏమండీ, నేనేమైనా తప్పు చేశానా? అందరూ నాకు దణ్ణాలు పెడుతున్నారు!"

నేను నోరు తెరిచేలోగా సందు మొదట్లో గోల. తోపుడుబండి మీద బీరువా అంత పెట్టె. దాని వెనకాల బ్యాంకునుంచి వస్తూ మా అమ్మాయి ఫోరం.

"జరగండి, జరగండి! మమ్మీ డిష్‌వాషర్ వస్తోంది!"

అదీ సంగతి. "బా, మమ్మీ కోసం డిష్‌వాషర్ తీసుకుంటున్నా" అని పిల్ల ఫోన్‌లో చెప్పింది. మా అమ్మని ఇల్లంతా, సందంతా బా అనే పిలుస్తుంది. ఎనభై ఒకటో ఏడు. కుడిచెవి పనిచేసే చెవి, ఎడమచెవి పోగు పెట్టుకోవడానికి ఉన్న చెవి. ఫోన్ ఎడమచెవికి పెట్టుకుంది. డిష్ కాస్తా దీక్ష అయి కూర్చుంది. దండ తీసేశారు. మేనాబెన్ కొబ్బరికాయ వెనక్కి పట్టుకుపోయింది. పోనీ యంత్రానికి కొడదామంటే, "గిన్నెలు కడిగేదానికి కొబ్బరికాయేంటి, నా మొహం!" అంది.

నవ్వు అక్కడితో అయిపోయింది. అసలు పేచీ అప్పుడే మొదలైంది.

మా ఆవిడ చేతుల సంగతి చెప్పాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సూర్యుడు దిగకముందు ఒకసారి, ఇరవై నాలుగేళ్ళుగా ఆ చేతులు సబ్బునీళ్ళలోనే ఉన్నాయి. నేను పళ్ళు తోముకున్నంత తేలిగ్గా ఆవిడ పళ్ళేలు తోమేస్తుందనుకునేవాణ్ణి. ఈ వానాకాలం వేళ్ళ సందుల్లో చర్మం చీలి నెత్తురొచ్చింది. ఆర్నెల్లు సబ్బు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. రబ్బరు తొడుగులేసుకుంటే లోపల చెమటపట్టి ఇంకా ఎక్కువైంది. ఆవిడకి సబ్బు పడదని డాక్టరు అనడం సబబే, కాని సబ్బు మానడం మా ఇంటికి పడదే!

పనిమనిషి లేదా అంటారేమో. ఉంది, పొద్దున ఒక్కసారి వచ్చి ఇల్లు తుడుస్తుంది. అంట్లు ఆమె వచ్చేదాకా ఆగవు. బా ఆగనివ్వదు. మూడ్రోజులు నేనే తోముతానని భుజాలెగరేశాను. మొదటిరోజు గిన్నెలు నానబెట్టి కాస్త నడుం వాల్చాను. లేచేసరికి సాయంత్రం. గిన్నెలతోపాటు నా పరువూ నానిపోయింది. ఆ పూట బా అన్నం ముట్టలేదు.

ఇప్పుడు లోగిట్లో దిగిన ఆ యంత్రాన్ని చూసి బా కర్రతో దాన్ని రెండుసార్లు పొడిచింది, బతికుందేమో అన్నట్టు.

"ఇది ఎంతసేపట్లో కడుగుతుందే?"

"రెండు గంటలు బా. కాని నిండాక వేస్తాం. మన నలుగురివే అయితే మధ్యాహ్నంవీ సాయంత్రంవీ కలిపి..."

"మధ్యాహ్నంవి సాయంత్రందాకా ఉంచుతావా?" బా గొంతు పెరిగింది. "తిన్న పళ్ళెంలో ఎంగిలి రెండు ఘడియలు దాటితే కంటికి కనపడని ప్రాణాలు పుట్టుకొస్తాయి. ఆపైన వేడినీళ్ళు పోసి వాటిని ఉడకబెడతావా? చౌమాసంలో, ఈ నాలుగు వాన నెలల నియమాల్లో, నా ఇంట్లో?"

లోకంలో అందరికీ పెళ్ళికో గృహప్రవేశానికో ముహూర్తం. మాకు పళ్ళేలకి ముహూర్తం. రెండు ఘడియలు, నలభై ఎనిమిది నిమిషాలు.

ఫోరం నా కూతురే కదా, ఊరుకుంటుందా! "బా, నీళ్ళు కూడా జీవమేనని నువ్వేగా చెప్తావు. మమ్మీ పంపు కింద కడిగితే ఆరు బిందెలు. ఇది ఒక్క బిందెతో కడుగుతుంది. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎక్కువ ప్రాణాలు తీస్తున్నారు?"

బా కర్రతో బానే కొట్టింది మనవరాలు.

"నిండితేనే కదా ఒక్క బిందె?" అంది బా.

"అవును. సగానికి వేస్తే నీళ్ళు దండగ."

"అయితే విను. ఆదివారం సాయంత్రం మొదటి పళ్ళెం కింద పెట్టిన దగ్గర్నుంచి రెండు ఘడియల్లోపల ఇది నిండాలి, నడవాలి. నడిస్తే ఉంటుంది. లేకపోతే సోమవారం పొద్దున్నే ఆ కొట్టువాడు బండేసుకొస్తాడు."

నాలుగు రోజులు చూసి నచ్చకపోతే తిప్పి పంపొచ్చని కొట్టువాడే అన్నాడట. ఆ మాట బాకి కుడిచెవిలో పడింది.

మా ఆవిడ దగ్గరికొచ్చింది. గుడ్డ చుట్టిన చేత్తో యంత్రం తలుపు ఒకసారి తెరిచి, లోపలి అరల్ని చూసి, మెల్లగా మూసింది. కొత్త పెళ్ళికొడుకుని తలుపు సందులోంచి చూసినట్టు చూసింది. నన్నెప్పుడూ అలా చూడలేదు.

ఆదివారం వచ్చింది. యంత్రంలో పద్నాలుగు మంది సామాను పడుతుంది. మేం నలుగురం. అంటే పదిమంది ఎంగిలి కావాలి, అదీ రెండు ఘడియల్లో. పోళ్‌లో అందరూ జైనులే, పొద్దు గుంకకముందే తినేస్తారు కాబట్టి, అందరి పళ్ళేలూ ఒకే వేళకి కిందపడతాయి. పథకం ఫోరంది, కాళ్ళు నావి.

ఆ రోజు వంట దాల్‌ఢోక్‌ళీ. పప్పులో ఉడికిన చపాతీ ముక్కలు. నోటికి ఎంత ఇష్టమో పళ్ళేనికీ అంత ఇష్టం, అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఒకసారి అంటుకుంటే లేవవు. ఎప్పట్లాగే అందరికంటే ముందు నేను తినేసి పళ్ళెం కింద పెట్టాను. బా రోజూ రెండు ఘడియల ధ్యానానికి, అదే సామాయికానికి, కూర్చునేటప్పుడు పెట్టుకునే ఇసుకగడియారాన్ని తిప్పి గడప మీద పెట్టింది. ఇసుక పడటం మొదలైంది.

"పరుగెత్తు పప్పా!"

పరుగెత్తాను! యాభై రెండేళ్ళ బొజ్జతో, తలమీద వెదురుబుట్టతో, పంచె పైకి దోపుకుని.

"పళ్ళేలు! ఎంగిలి పళ్ళేలు! అంట్లుంటే అంటించండి!"

"ఏంటి సేవంతీభాయి," మూడో ఇంటి కిటికీలోంచి శాంతిలాల్‌కాకా, "పాతబట్టలకి గిన్నెలిచ్చేవాడిలా అరుస్తున్నావు? వ్యాపారం మార్చావా?"

"వ్యాపారం కాదు కాకా, వ్యవహారం! నిరూ చేతులు నిలబడాలంటే మీ పళ్ళేలు కావాలి!"

"ఎన్ని?"

"ఎన్నుంటే అన్ని!"

"ఉండు, తిననీ! మింగుతున్నా!"

పదకొండో ఇంట్లో ఇంకా తినడం మొదలే కాలేదు. "కాస్త తొందరగా నమలండి వదినా" అన్నాను. ఆవిడ భర్త లేచి నిలబడ్డాడు, నేను పరుగు పెంచాను. మేనాబెన్ అయితే తన అరుగు ఎక్కి రేడియోలో ఆట చెప్పినట్టు చెబుతోంది. "అదిగో, ఏడో ఇల్లు దాటాడు! రెండు పళ్ళేలు పడ్డాయి! అయ్యో, గ్లాసు దొర్లింది! ఏరుకున్నాడు, ఏరుకున్నాడు!"

మూడు బుట్టలు మోశాను. ప్రతిసారీ ఫోరం అందుకుని, ఒక కన్ను ఇసుక మీద పెట్టి, చేత్తో అరల్లో సర్దేసింది. కింద పళ్ళేలు, పైన గ్లాసులు, పక్కన చెంచాలు. నేను గోడకి చేరగిలబడి రొప్పుతున్నాను. పోళ్ అంతా మా లోగిట్లోకి వచ్చేసింది. ఇసుక ఇంకా రెండు వేళ్ళంత మిగిలి ఉంది.

"నిండింది!" ఫోరం అరిచింది. జనం చప్పట్లు. పిల్ల వేలు మీట మీదకి వెళ్ళింది.

"ఆగు," అంది బా.

ముందుకొచ్చి ఒక పళ్ళెం లాగి వేలితో రాసింది. వెలుగుకి పెట్టి చూసింది. ఇంకోటి లాగింది. ఇంకోటి. నా గుండె ఒక్కో పళ్ళేనికీ ఒక్కో మెట్టు దిగింది.

"ఇవి కడిగినవి!" అంది బా. "అన్నీ కడిగి తుడిచినవే! కడిగినవాటిని మళ్ళీ కడగడానికి బిందెడు నీళ్ళా? ఒరే సేవంతీ, నన్ను మోసం చేద్దామనుకున్నావా?"

"నేనా! నాకేం తెలుసు బా! ఎంగిలివే అడిగాను!"

"ఎంగిలివి ఎలా పంపుతామయ్యా?" మేనాబెన్ బుగ్గలు నొక్కుకుంది. "పరాయి ఇంటికి ఎంగిలి పళ్ళెం పంపితే మా పరువేం కావాలి? రోజూ చేసినట్టే, ఎంగిలి మిగలకూడదని, పళ్ళెంలో నీళ్ళు పోసి, వేలితో కడిగి, ఆ నీళ్ళు తాగేసి, పొడిగుడ్డతో తుడిచి నీ బుట్టలో వేశాం."

"మేమూ అంతే," అన్నాడు శాంతిలాల్‌కాకా. మిగతావాళ్ళూ తలలూపారు.

బా గిరుక్కున తిరిగింది. "అయిపోయింది. రేపు బండి రమ్మను."

ఫోరం కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు మా ఆవిడ ముందుకొచ్చింది. ఈ పేచీలో మొదటిసారి గొంతు విప్పింది.

"బా, ఈ పళ్ళేల్లో ప్రాణాలు పుడతాయా?"

"ఎందుకు పుడతాయే? కడిగి తాగాక అందులో ఏముంటుంది?"

"రాత్రిదాకా ఉంచితే?"

"రాత్రిదాకా ఏంటి, రేపటిదాకా ఉంచినా..."

బా ఆగింది. జనం ఆగారు. నా రొప్పు కూడా ఆగింది.

"అయితే బా," నిరూ గుడ్డ చుట్టిన చేత్తో యంత్రాన్ని చూపించింది, "తాగి తుడిచిన పళ్ళెం ఇందులో రేపటిదాకా పడుకోవచ్చుగా. నింపడానికి పరుగులెందుకు? మీ పళ్ళెం రోజూ అలాగే ఉంటుంది, నాదీ అలాగే. మన ఇంట్లో రెండు పళ్ళేలే ఎంగిలితో లేస్తాయి."

ఇరవై నాలుగు గడపల కళ్ళూ కింది అర వైపు తిరిగాయి. అక్కడ రెండే రెండు పళ్ళేలు పసుప్పచ్చగా, ఢోక్‌ళీ అంటుకుని, సిగ్గూ శరం లేకుండా నిలబడి ఉన్నాయి. ఒకటి ఫోరంది. రెండోది మొదటగా కింద పెట్టినది.

"సేవంతీ!" అంది బా.

"బా, కడిగి తాగడం ఏడో క్లాసులోనే మానేశాను బా..."

"ఇసుక చూడు."

ఒక వేలంత ఉంది. అది అయిపోతే నా పళ్ళెం తాగడానికీ పనికిరాదు, కడగడానికీ పనికిరాదు. ఫోరం తన పళ్ళెం లాక్కుని నీళ్ళు పోసుకుని గటగటా తాగేసింది, పక్కింటి పెద్దాయన "శభాష్" అన్నాడు. నా పళ్ళెంలో ఢోక్‌ళీ ఎండి పలక కట్టింది. నీళ్ళు పోశాను. వేలితో గీకాను. రాలేదు. గోరుతో గీకాను.

"అంచు మీద! అంచు మీద ఇంకా ఉంది!" మేనాబెన్.

"ఆవగింజ, ఆవగింజ వదిలేశావు!" కాకా.

"తాగండి, అయిపోతోంది!" ఇది మా ఆవిడ. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ అంత గట్టిగా అరవడం నేను వినలేదు. పళ్ళెం ఎత్తాను. పచ్చటి నీళ్ళు, ఉప్పూ పులుపూ తీపీ, అడుగున ఒక కరివేపాకు. కళ్ళు మూసుకుని మొత్తం దింపేశాను. కరివేపాకు కూడా. పొడిగుడ్డతో తుడిచి పళ్ళెం బా చేతిలో పెట్టేసరికి చివరి ఇసుకరేణువు రాలింది. ఇప్పటికీ అది నా తర్వాతే రాలిందని నేనంటాను, ముందే రాలిందని మేనాబెన్ అంటుంది.

బా పళ్ళెం మీద వేలు రాసి, ఆ వేలు తన కళ్ళజోడు దగ్గర పెట్టుకుని చూసింది. ఆపైన ఆ పళ్ళేన్ని తన చేత్తోనే యంత్రం అరలో నిలబెట్టింది. ఆ సాయంత్రం యంత్రం ఒక్క చుక్క నీళ్ళు తాగలేదు. తాగింది నేనే.

వెనక నిలబడి కనిపించనివాళ్ళు "ఏమైంది? ఉంటుందా, పోతుందా?" అని అరుస్తుంటే బా కర్ర పట్టుకుని అరుగెక్కింది.

"వినండి! వీడు ఎంగిలివి అడిగాడు, మీరు మర్యాదకి తాగి తుడిచి పంపారు. ఇక్కడ మేం అవి ఎంగిలివే అనుకుని పరుగులు పెట్టాం. తప్పు ఎవరిదీ కాదు. ఘడియలు ఎంగిలికి, పళ్ళేనికి కాదు. మా ఇంట్లో ఇకమీద నలుగురూ తాగుతారు, యంత్రం నిండిన రోజు నడుస్తుంది. నిరూ చేతులు సబ్బు ముట్టవు. మీ పళ్ళేలు మీరు చూసుకుని పట్టుకెళ్ళండి, గ్లాసులు మారిపోతాయి జాగ్రత్త!"

"మరి మూకుడు, కుక్కరు?" జనంలోంచి మేనాబెన్. "అవి కడిగి తాగలేరుగా బా?"

"అవి రెండు ఘడియల్లోపల సేవంతీ తోముతాడు."

"ఈ పూటా?" అన్నాను నేను.

"పూటపూటా!"

మా ఆవిడ అప్పటికే కొబ్బరిపీచు తెచ్చి నా చేతిలో పెట్టింది.